లాగే ముందు.. ఎక్కడ పట్టేసిందో చూడండి!

ఇంటర్వ్యూ గదిలో కూర్చున్నారనుకోండి. ఎదుటి వ్యక్తి మీ రెజ్యుమె పక్కన పెట్టి ఇలా అడిగారు: ‘ఒక పెద్ద ట్రైలర్ కింద ఇనుప పిన్ను పట్టేసింది. హ్యాండిల్ ఎంత లాగినా రావట్లేదు. డ్రైవర్ మీకు ఫోన్ చేశాడు. ఏం చెబుతారు?’

మనలో చాలామంది చెప్పే జవాబు నాకు తెలుసు. ‘ఆయిల్ వేసి చూడమంటాను సర్. రాకపోతే గట్టిగా లాగమంటాను. అప్పటికీ రాకపోతే మెకానిక్‌ని పిలవమంటాను.’ ఎలా తెలుసంటే, నేనూ అచ్చం ఇదే చెప్పాను. ఇంటర్వ్యూలో కాదు, నిజంగా ఫోన్ చేసిన డ్రైవర్‌తో. నా మాట విని ఆయన మరో నాలుగుసార్లు లాగి, భుజం పట్టుకుని కూర్చున్నాడు.

‘ప్రాబ్లమ్ సాల్వింగ్ స్కిల్స్’ అని మనందరం రెజ్యుమెలో రాసుకుంటాం. నేనూ రాసుకున్నాను. ఆ మాటకు అర్థం మాత్రం ఆ పిన్ను దగ్గరే తెలిసింది. అందుకే ఈ కథ మీకు చెప్పాలనిపించింది. మీరు మెకానికల్ కాకపోయినా ఫర్వాలేదు, చివరిదాకా చదవండి.

అర్ధరాత్రి ఫోన్

2019లో మెకానికల్‌లో బీటెక్ పూర్తిచేశాను. కోర్ ఉద్యోగం కోసం రెండేళ్లకు పైగా తిరిగాను. చివరికి 2022లో మాదాపూర్‌లోని ఒక ఆఫీసులో నైట్ షిఫ్టు దొరికింది. అమెరికాలో లారీలు రోడ్డు మీద ఆగిపోతే డ్రైవర్లకు ఫోన్‌లో సాయం చేయడం మా పని. డ్రైవర్ సమస్య చెబుతాడు. స్క్రీన్ మీద అడగాల్సినవి, చెప్పాల్సినవి వరసగా ఉంటాయి. చదివి వినిపించాలి. పని జరగకపోతే దగ్గర్లోని మెకానిక్‌ని పంపి టికెట్ క్లోజ్ చేయాలి. ‘దీనికి బీటెక్ ఎందుకు?’ అని మొదటి వారంలోనే అనుకున్నాను.

జూన్‌లో ఒక రాత్రి. ఇక్కడ రెండు గంటలు, అక్కడ కాలిఫోర్నియాలో మధ్యాహ్నం ఒకటిన్నర. ఫ్రెస్నో దగ్గర ట్రక్ స్టాప్ నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశాడు. పంజాబ్ నుంచి వెళ్లి అక్కడ స్థిరపడిన డ్రైవర్. సొంత బండి. నా మాట తీరు విని హిందీలోకి దిగాడు. సరకు యూటాకు చేర్చాలి. బండి కాటా వేయించాడు. మొత్తం బరువు 78,600 పౌండ్లు. అది పరిమితి లోపలే. కానీ ముందు ఇంజిన్ బండికి ఉన్న డ్రైవ్ యాక్సిళ్ల మీద 35,100 పౌండ్లు పడుతోంది. వెనక ట్రైలర్ యాక్సిళ్ల మీద 31,900 మాత్రమే ఉంది.

ఇందులో సమస్య ఏంటో అర్థం కావాలంటే, అసలు ఆ పిన్నులు ఎందుకున్నాయో తెలియాలి.

చక్రాలు జరిగే బండి

అమెరికా జాతీయ రహదారుల మీద లారీ మొత్తం బరువు 80,000 పౌండ్లు దాటకూడదు. అంటే దాదాపు 36 టన్నులు. జంట యాక్సిల్ మీద 34,000 పౌండ్లు దాటకూడదు. 1974లో చేసిన చట్ట సవరణతో వచ్చిన పరిమితులివి. మొత్తం బరువు సరిగ్గా ఉన్నా, ఒక జంట మీద ఎక్కువ పడితే జరిమానా తప్పదు. మన పెద్దాయన బండిలో డ్రైవ్ జంట మీద 1,100 పౌండ్లు ఎక్కువ.

సరకు దింపి మళ్లీ సర్దడం కుదరని పని. అందుకే అక్కడి 53 అడుగుల ట్రైలర్లకు చక్రాలనే ముందుకీ వెనక్కీ జరుపుకునే ఏర్పాటు ఉంటుంది. ట్రైలర్ అడుగున రెండు పక్కలా పొడవాటి పట్టాలు, వాటికి వరసగా రంధ్రాలు. వెనక జంట యాక్సిళ్లున్న చట్రానికి సాధారణంగా నాలుగు పిన్నులు ఉంటాయి. అవి ఆ రంధ్రాల్లోకి దూరి చట్రాన్ని పట్టి ఉంచుతాయి. పిన్నులు వెనక్కి లాగితే చట్రం వదులవుతుంది. కావలసిన చోటికి జరిపి మళ్లీ పిన్నులు దింపాలి. చక్రాలను ముందుకు జరిపితే ట్రైలర్ యాక్సిళ్ల మీద బరువు పెరిగి, డ్రైవ్ యాక్సిళ్ల మీద తగ్గుతుంది. వెనక్కి జరిపితే దీనికి తారుమారు. రంధ్రాల మధ్య ఆరంగుళాల దూరముంటే ఒక్కో రంధ్రానికి సుమారు 400 పౌండ్లు మారుతుందని డ్రైవర్ల నోటి లెక్క. అంటే పెద్దాయన మూడు రంధ్రాలు ముందుకు జరిపితే చాలు.

జరిపే పద్ధతి కూడా తమాషాగా ఉంటుంది. చక్రాలను ఎవరూ తోయరు. క్యాబిన్‌లో ఎర్ర నాబ్ బయటికి లాగితే ట్రైలర్‌కు వెళ్లే గాలి ఆగి, దాని బ్రేకులు పట్టేస్తాయి. చక్రాలు ఉన్నచోటే నిలిచిపోతాయి. పిన్నులు వదిలించి లారీని మెల్లగా వెనక్కి నడిపితే, నిలబడ్డ చక్రాల పైనుంచి ట్రైలర్ బాడీ వెనక్కి జరుగుతుంది. అలా చక్రాలు బాడీకి ముందువైపు చేరతాయి.

పెద్దాయన ఇదంతా కొన్ని వందలసార్లు చేసినవాడే. ఆ రోజు మాత్రం హ్యాండిల్ సగం దాకా వచ్చి ఆగిపోయింది. ఒక పక్క గడియారం తరుముతోంది. అక్కడి రూల్ ప్రకారం డ్యూటీ ఎక్కిన 14 గంటల్లోపే బండి నడపడం ముగించాలి. మధ్యలో రిపేరు కోసం ఆగినా ఆ గడియారం ఆగదు. పొద్దున ఐదింటికి డ్యూటీ ఎక్కాడు. ఇక మిగిలింది ఐదున్నర గంటలే. మెకానిక్ వస్తే ఆ ఖర్చు ఆయన జేబులోంచే పోవాలి.

‘ఇంకాస్త గట్టిగా లాగండి సర్’

నేను స్క్రీన్ చూసి చదివాను. ‘పిన్ను చుట్టూ ఆయిల్ కొట్టండి.’ కొట్టాడు. ‘రెండు నిమిషాలు ఆగి లాగండి.’ లాగాడు. రాలేదు. తర్వాతి వాక్యం మెకానిక్‌ని పంపమని ఉంది. పంపితే ఆయన రోజు పోతుంది. ఏం చెప్పాలో తోచక, ‘ఇంకాస్త గట్టిగా లాగండి సర్’ అన్నాను. నాలుగుసార్లు లాగాక అవతల నుంచి మూలుగు వినపడింది. తర్వాత ఆయన నెమ్మదిగా అన్నాడు: ‘బేటా, నా బలం ఎంతో నాకు తెలుసు. అది ఎందుకు రావట్లేదో చెప్పు.’

నా దగ్గర జవాబు లేదు. పక్క సీట్లో ఒక అన్న ఉండేవాడు. డిప్లొమా చదివి, విజయవాడ ఆటోనగర్‌లో లారీ షెడ్లలో ఏళ్ల తరబడి పనిచేసి మా ఆఫీసుకు వచ్చాడు. నిజం చెప్పాలంటే, నేను బీటెక్ అన్న గీర నాలో కాస్త ఉండేది. ఆయన నా ముఖం చూసి హెడ్‌సెట్ అందుకున్నాడు. సలహా ఒక్కటీ ఇవ్వలేదు. మూడు ప్రశ్నలు అడిగాడు.

‘హ్యాండిల్ అసలు కదలట్లేదా, కొంచెం వచ్చి ఆగుతోందా?’ కొంచెం వచ్చి ఆగుతోంది.

‘నాలుగు పిన్నుల దగ్గరా వంగి చూడండి. ఏది రంధ్రం అంచుకు గట్టిగా ఒరుసుకుని ఉంది?’ కుడివైపు వెనకది.

‘బండి తిన్నగా నిలబెట్టారా, మలుపు తిప్పి అలాగే ఆపారా?’ కాటా దగ్గర నుంచి మలుపు తిప్పి తెచ్చి ఆపేశాడు.

అంతే. అన్నకు విషయం అర్థమైపోయింది. బండిని చదునైన చోట తిన్నగా పెట్టించాడు. ట్రైలర్ బ్రేకులు వేయించి, లారీని కొద్దిగా, అంటే అంగుళం రెండంగుళాలు కదిలేలా, వెనక్కి ఒత్తి ఆపమన్నాడు. దిగి హ్యాండిల్ లాగి చూడమన్నాడు. రాలేదు. ‘ఇప్పుడు అంతే మెల్లగా ముందుకు ఒత్తి ఆపండి.’ మళ్లీ దిగి లాగాడు. ఫోన్‌లో మాకు ‘టక్’మని వినపడింది. నాలుగూ వచ్చేశాయి.

సమస్య తీరిందని నేను ఊపిరి పీల్చుకున్నాను. అన్న ఇంకా వదల్లేదు. మూడు రంధ్రాలు జరిపాక హ్యాండిల్ పూర్తిగా లోపలికి వెళ్లిందో లేదో చూడమన్నాడు. నాలుగు పిన్నులూ రంధ్రాల్లోంచి బయటికి పొడుచుకు వచ్చాయేమో ఒక్కొక్కటే వంగి చూడమన్నాడు. ట్రైలర్ బ్రేకులు వేసే ఉంచి బండిని మెల్లగా ముందుకీ వెనక్కీ గుంజి, చట్రం కదలట్లేదని రూఢి చేసుకోమన్నాడు. ఆ తర్వాత మళ్లీ కాటా. పిన్ను సరిగ్గా దిగకుండా రోడ్డెక్కితే, గట్టి బ్రేకు వేసినప్పుడు చట్రం తన చోటు వదిలి జారిపోవచ్చు. అప్పుడు పోయేది జరిమానా డబ్బులు కాదు.

14 మార్కుల ప్రశ్నే!

ఫోన్ పెట్టేశాక అన్న నాతో అన్న మాట: ‘తమ్ముడూ, మీ ఇంట్లో తలుపు గడియ పట్టేస్తే ఏం చేస్తారు?’

నవ్వొచ్చింది. వానాకాలం తలుపు ఉబ్బితే మా అమ్మ గడియను లాగుతూ కూర్చోదు. భుజంతో తలుపును కాస్త నెడుతుంది, గడియ దానంతటదే జారుతుంది. మీ ఇంట్లోనూ చూసే ఉంటారు. అక్కడ జరిగేదీ, ఆ ట్రైలర్ కింద జరిగిందీ ఒకటే.

ఇప్పుడు పుస్తకంలోకి రండి. ఇంజినీరింగ్ మెకానిక్స్‌లో ఘర్షణ సూత్రం చదివాం కదా: ఎఫ్ = మ్యూ × ఎన్. మ్యూ అంటే రెండు ఉపరితలాల మధ్య గరుకుదనం. ఎన్ అంటే అవి ఒకదాన్నొకటి ఎంత బలంగా ఒత్తుకుంటున్నాయో ఆ బలం. అర్థం కావడానికి కొన్ని అంకెలు అనుకుందాం. పిన్ను రంధ్రం అంచును 5,000 న్యూటన్లతో ఒత్తుతోంది. తుప్పు వల్ల మ్యూ 0.5 ఉంది. పిన్ను జరగాలంటే 2,500 న్యూటన్లు కావాలి. అంటే దాదాపు 250 కిలోల బరువు ఎత్తినంత. ఆయిల్ వేసి మ్యూను 0.2కి తగ్గించాం. ఇంకా 1,000 న్యూటన్లు, అంటే 100 కిలోలు. ఆయిల్ లేకుండా బండిని అటూ ఇటూ కదిపి ఒత్తిడినే 200 న్యూటన్లకు తగ్గించాం. ఇప్పుడు కావలసింది 100 న్యూటన్లు, అంటే పది కిలోలు!

నేను మ్యూ తగ్గిస్తూ కూర్చున్నాను. అన్న ఎన్ తగ్గించాడు. ఈ సూత్రం మీద పరీక్షలో 14 మార్కుల లెక్క చేసి వచ్చిన వాణ్ని నేను. నోట్‌బుక్‌లో ఉన్న ఎన్, ఫోన్‌లో మాట్లాడుతున్న మనిషి ముందు ఉన్న పిన్నులో నాకు కనపడలేదు. మనలో లోపించింది చదువు కాదు. చదివింది ఎదురుగా ఉన్నప్పుడు గుర్తుపట్టే అలవాటు.

స్క్రీన్ మీద రాసింది తప్పనీ అనను. చలికాలంలో మంచు కరగడానికి ఉప్పు చల్లే రాష్ట్రాల్లో తిరిగే బండ్లకు పిన్నులు నిజంగానే తుప్పుతో పట్టేస్తాయి. అక్కడ ఆయిల్, సుత్తి రెండూ అవసరమే. ఒక్కోసారి పిన్నులను కలిపే కడ్డీ వంగి ఉంటుంది. అప్పుడు హ్యాండిల్ పూర్తిగా వచ్చినా ఒకటో రెండో పిన్నులు రంధ్రంలోనే ఉండిపోతాయి. గాలితో పనిచేసే రకమైతే ఎక్కడో గొట్టం లీకవుతుండొచ్చు. ట్రైలర్ బ్రేకు సరిగ్గా పట్టకపోతే పిన్నులు వచ్చినా చక్రాలు బాడీతో పాటే దొర్లుతుంటాయి, చట్రం జరగదు. ఇన్ని కారణాలుంటాయి. పైకి అన్నీ ఒకలాగే కనిపిస్తాయి: ‘చక్రాలు జరగట్లేదు’ అని. ఏ కారణమో తేల్చకుండా చేసే పని ఏదైనా చీకట్లో రాయి వేయడమే.

ఇంటర్వ్యూలో ఇలా చెప్పండి

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఇలాంటి ప్రశ్న అడిగేవాళ్లు మీరు లారీ మెకానిక్ అవునో కాదో చూడరు. తెలియని సమస్య ముందు మీరు ఎలా నడుచుకుంటారో చూస్తారు. నేను నేర్చుకున్న వరుస ఇది.

ఒకటి, మామూలుగా ఏం జరగాలో చెప్పండి. హ్యాండిల్ లాగితే నాలుగు పిన్నులూ వెనక్కి రావాలి. ఇది చెప్పలేకపోతే మనకు సమస్యే అర్థం కానట్టు.

రెండు, ఎక్కడ ఆగిందో అడగండి. అసలు కదలట్లేదా, సగంలో ఆగిందా, వచ్చినా జరగట్లేదా? ఒక్కో జవాబుతో సగం కారణాలు పక్కకు పోతాయి.

మూడు, ఖర్చు లేనిదీ, ప్రమాదం లేనిదీ ముందు చూడండి. వంగి చూడటానికి పైసా ఖర్చు కాదు. బండి కదులుతున్నప్పుడు మనిషి చక్రాల దగ్గర ఉండకూడదన్న మాట కూడా ఇక్కడే చెప్పండి. భద్రత గురించి అడగకుండానే మాట్లాడిన అభ్యర్థిని ఎవరూ అంత తేలిగ్గా మర్చిపోరు.

నాలుగు, ఒకసారికి ఒక్కటే మార్చండి. ఆయిల్ వేసి, సుత్తితో కొట్టి, బండి కదిపి, అన్నీ ఒకేసారి చేస్తే పిన్ను రావచ్చు. దేనివల్ల వచ్చిందో తెలియదు. రేపు మళ్లీ ఇక్కడికే వస్తాం.

ఐదు, పని అయ్యాక సరిచూడండి. మనం చాలామందిమి మర్చిపోయేది ఇదే. ‘వచ్చేసింది’ అనుకోవడం వేరు, ‘సరిగ్గా కూర్చుంది’ అనుకోవడం వేరు.

మీ బ్రాంచ్ ఏదైనా ఈ వరుస పనిచేస్తుంది. ఎలక్ట్రికల్ వాళ్లకైతే, ఫ్యూజు మాటిమాటికీ పోతోందని లావు తీగ వేయడం గట్టిగా లాగడం లాంటిదే. ఏ లైన్ మీద లోడు పెరిగిందో చూడటం పిన్ను దగ్గర వంగి చూడటం. కంప్యూటర్స్ వాళ్లకైతే, డేటాబేస్ ఆగిపోయిందని సర్వర్ రీస్టార్ట్ చేయడం సుత్తి దెబ్బ. ఏ ట్రాన్సాక్షన్ లాక్ పట్టుకుని వదలట్లేదో వెతకడం అసలు పని. మీ ఫైనలియర్ ప్రాజెక్టులో ఏదో ఒకటి పనిచేయక రాత్రంతా కూర్చుని ఉంటారు కదా? దాన్ని ఈ ఐదు మెట్లలో ఒక పేజీ రాసి పెట్టుకోండి. ‘టీమ్ ప్లేయర్, క్విక్ లెర్నర్’ అనే మాటల కన్నా ఆ ఒక్క పేజీ మీ గురించి ఎక్కువ చెబుతుంది.

‘ఇది మెకానిక్ పని కదా?’

కొందరికి ఈ అనుమానం రావచ్చు. ఇంజినీరు డిజైన్ చేయాలి గానీ పిన్నులు లాగడమేంటని. నేనూ అలాగే అనుకున్నాను. ఒక్కటి ఆలోచించండి. పిన్ను ఎలా పట్టేస్తుందో తెలియనివాడు పట్టేయని పిన్నును ఎలా డిజైన్ చేస్తాడు? హ్యాండిల్‌కు బదులు గాలితో పిన్నులు లాగే ఏర్పాట్లు ఇప్పటికే ఉన్నాయి. వాటిని తయారుచేసేవాళ్లకు ఒక డ్రైవర్ భుజం నొప్పి గురించి తెలియకుండా ఉంటుందా?

మన దగ్గర డిప్లొమా, ఐటీఐ చదివినవాళ్లను బీటెక్ వాళ్లు ఒక మెట్టు కింద చూస్తారు. ఆ రాత్రి నాకు తెలిసిన సూత్రం అన్నకు తెలియదు. అన్నకు తెలిసిన బండి నాకు తెలియదు. ఫోన్ అవతల ఉన్న మనిషికి ఉపయోగపడింది ఆయన తెలివే. ఈ సెలవుల్లో మరో ఆన్‌లైన్ సర్టిఫికెట్ చేద్దామనుకుంటున్నారా? చేయండి. దానితో పాటు ఒక వారం మీ ఊళ్లో ఏదైనా షెడ్డులోనో, వైండింగ్ షాపులోనో కూర్చోండి. స్టూలు వేసుకుని, అడ్డు రాకుండా చూడండి. ‘అన్నా, ముందు అదే ఎందుకు చూశావు?’ అని అడగండి. ఆ ప్రశ్నకు వచ్చే జవాబు ఏ కోర్సులోనూ దొరకదు.

చాట్‌బాట్లు వచ్చాయి కదా, అవే చెబుతాయి అంటారేమో. నిజమే, అడిగితే పది కారణాలు చెబుతాయి. ఆ రోజు నా స్క్రీన్ కూడా చెప్పింది. కుడివైపు వెనక పిన్ను ఒరుసుకుని ఉందని చెప్పింది మాత్రం వంగి చూసిన మనిషి. చూడమని అడిగింది ఇంకో మనిషి. అడగాల్సిన ప్రశ్న తెలిసినవాడికి ఉద్యోగం ఉంటుందని నా నమ్మకం.

చివరగా ఒక మాట. ఉద్యోగం రాని ఆ రెండేళ్లూ నేను చేసింది గట్టిగా లాగడమే. వంద అప్లికేషన్లకు పిలుపు రాకపోతే ఇంకో వంద పెట్టాను. ఒక కోర్సు చాలలేదనుకుని ఇంకో కోర్సులో చేరాను. ఎక్కడ ఆగుతోందో ఒక్కసారీ చూసుకోలేదు. పిలుపే రావట్లేదా? అయితే రెజ్యుమె చూడాలి. రాత పరీక్షలో పోతోందా? ఆప్టిట్యూడ్ చూడాలి. చివరి రౌండ్ దాకా వెళ్లి ఆగుతోందా? మాట్లాడే తీరు చూడాలి. ఈ మూడింటికీ మందు ఒకటి కాదు. అన్నీ మన చేతిలో ఉండవు, నియామకాలు తగ్గిన ఏడాదిలో ఎంత బాగా చదివినవాళ్లకైనా కష్టమే. అయినా మన చేతిలో ఉన్న పిన్ను ఏదో తెలిస్తే భుజం నొప్పయినా తప్పుతుంది.

ఆ రోజు పెద్దాయన ఫోన్ పెట్టే ముందు కాటా చీటీ చదివి వినిపించాడు. డ్రైవ్ యాక్సిళ్ల మీద 33,900. ట్రైలర్ మీద 33,100. రెండూ పరిమితిలోపే. ఇంకా నాలుగున్నర గంటలు చేతిలో ఉన్నాయని సంతోషపడ్డాడు. తర్వాత కంపెనీ మారేటప్పుడు ఇంటర్వ్యూలో ‘మీరు పరిష్కరించలేకపోయిన సమస్య చెప్పండి’ అన్నారు. ఈ కథే చెప్పాను, నా తప్పుతో సహా. ‘ఇంకాస్త గట్టిగా లాగండి సర్’ అన్న మాట కూడా దాచలేదు.

రేపు మీ ముందు ఏదైనా పట్టేస్తే, చేయి వేసే ముందు ఒక్క నిమిషం వంగి చూడండి.